అక్క పళ్ళ కోసం కొన్న లైట్లు

మా ఆయనకి ఎదుటివాళ్ళ నోట్లోకి చూడటం వచ్చుగానీ, ఆ నోట్లోంచి వచ్చే మాట వినడం రాదు. పెళ్ళయిన కొత్తలోనే ఈ సంగతి నాకు అర్థమైపోయింది. ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు. అందరూ పళ్ళాయన అంటారు. నేను పళ్ళాయన భార్యని. నోటి అచ్చు తీసే ముద్ద కలిపేదీ, గిన్నెలు కడిగేదీ, కుర్చీలో కూర్చుని వణికే ముసలాళ్ళ చెయ్యి పట్టుకునేదీ నేనే. పేరు మాత్రం ఆయనది.

మాకు ఒక వ్యాన్ ఉంది. ఒకప్పుడు అందులో సామాన్లు తోలేవారు. మా ఆయన దాన్ని కొని, లోపల ఒక ఎత్తు కుర్చీ బిగించి, ఓ పక్క అరలు కొట్టించి, పళ్ళు అరగదీసే చిన్న మర పెట్టుకున్నారు. మంచం దిగలేని వాళ్ళూ, బస్సెక్కలేని వాళ్ళూ ఎక్కడెక్కడున్నారో పంటి డాక్టరుగారు చెబుతారు. మేం వ్యాన్ వేసుకుని వాళ్ళ వాకిట్లోకి వెళతాం. డాక్టరుగారు నోరు బాగుచేసి వదిలేస్తే, ఆ తర్వాత నవ్వించే పూచీ మా ఆయనది. ఈ మాట ఆయనదే. కనపడిన ప్రతివాళ్ళకీ చెబుతారు.

గొప్పలు పోతారని నేను ఎంత వెక్కిరించినా, ఆయన పనిమంతుడు కాదని మాత్రం అనలేను. ఒక్క పన్ను అంచు కుదరలేదంటే అన్నం కూడా మర్చిపోతారు. అన్నిటికన్నా కష్టమైన పని రంగు కుదర్చడం. పళ్ళన్నీ తెల్లగా ఉంటాయని మనం అనుకుంటాంగానీ అది వట్టిమాట. కొందరివి మీగడ రంగు, కొందరివి లేత పసుపు, ఇంకొందరివి మొదట్లో ఒక రంగు, చివర ఒక రంగు. మా ఆయన దగ్గర నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఒకటి ఉంది. అందులోంచి ఒక్కొక్కటే తీసి, మనిషి పెదవి పైకెత్తి, సొంత పన్ను పక్కన పెట్టి చూస్తారు. ఏది కలిసిపోతే ఆ రంగు పళ్ళు కడతారు. అన్నీ పోయినవాళ్ళతో ఈ బాధ లేదు, పక్కన పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి ఏ రంగు వేసినా చెల్లిపోతుంది. ఒకటో రెండో పోయినవాళ్ళతోనే చిక్కు.

అందుకని ఆయన వ్యాన్ తలుపు బార్లా తీసి, కుర్చీని వీధివైపు తిప్పి రంగు చూసేవారు. మొహం మీద వెలుతురు పడాలి, ఎండ పడకూడదు అనేవారు. పని బాగానే సాగేదిగానీ, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. నోరు తెరుచుకుని, పెదవి ఎత్తిపెట్టి ఒక మనిషి కూర్చుంటే చూడకుండా ఎవరు వెళతారు? కుర్చీలో ఉన్నవాళ్ళు సిగ్గుతో చచ్చిపోయేవారు. ఒక పెద్దాయనైతే రంగు చూస్తుండగానే కుర్చీ దిగి వెళ్ళిపోయాడు. మా ఆయన దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. తన అక్క వంతు వచ్చేదాకా.

మా వదిన, అంటే ఆయన అక్క, వినికిడి లేని పిల్లల బడిలో టీచరు. ఆ పిల్లలు టీచరు పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటారు. నాలుక ఎక్కడ తగిలిందో, పెదవి ఎలా ముడిచిందో చూసి తామూ అలాగే చేసి, గొంతులోంచి ఏదో ఒక చప్పుడు తెస్తారు. ఒక్కొక్క మాట బయటికి రావడానికి నెలలు పడుతుంది. వదినకి ఆ పనిలోనే జుట్టు నెరిసింది. పెళ్ళి ఊసెత్తితే ‘ఇంతమంది పిల్లలున్నారు, ఇంకెందుకు’ అనేది. మా ఆయనకి ఈ పళ్ళ పని నేర్చుకోవడానికి చోటు చూపించింది కూడా ఆవిడే. ఎవరి మాటా వినని మనిషి అక్క ముందు మాత్రం కాస్త తగ్గేవారు. వినేవారని కాదు, అరిచేవారు కాదు.

ఒకరోజు బస్సు దిగుతూ వదిన జారి పడింది. మెట్టు అంచు తగిలి ముందు పళ్ళు మూడు పోయాయి. పుండు మానింది, వాపు తగ్గింది. కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలైంది. నవ్వినా, మాట్లాడినా, తింటున్నా ఎడమ చెయ్యి ఠక్కున పైకి లేచేది. మాలాంటి వాళ్ళకి అది ఇబ్బందేం కాదు, చెవులున్నాయి కదా. ఆ పిల్లలకి మాత్రం టీచరు నోటి మీద చెయ్యి పడిందంటే పాఠం ఆగిపోయినట్టే. వాళ్ళు ఆవిడ చేతినే చూస్తూ కూర్చునేవారట. చివరికి వదినే వెళ్ళి పెద్ద టీచరమ్మని అడిగి, కొన్నాళ్ళు సామాన్ల గది చూసుకునే పని వేయించుకుంది.

ఒకసారి నాతో అంది, “పలకలు లెక్కపెడుతున్నానే అమ్మాయ్. కిటికీలోంచి పిల్లలు కనిపిస్తుంటారు. చెయ్యి ఊపితే తల దించుకుంటున్నాను. నాకు నేనే దొంగలా అనిపిస్తున్నాను.”

మా ఆయన మర్నాడే వ్యాన్ తీసుకుని ఆవిడ ఇంటి ముందు ఆపారు. తలుపు బార్లా తీసి, “రా అక్కా, కూర్చో” అన్నారు. వదిన వీధి ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. ఎదురింటి మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ళున్నారు. సైకిల్ బాగుచేసే అతను పని ఆపి ఇటే చూస్తున్నాడు.

“ఇక్కడ నేను నోరు తెరవను రా” అంది, చేతి వెనకనుంచి.

“ఎవరు చూస్తారక్కా?”

“అందరూ.”

ఎంత బతిమాలినా కుర్చీ ఎక్కలేదు. మా ఆయన ఉక్రోషంగా తలుపు మూసేసి వ్యాన్ వెనక్కి తిప్పేశారు. ఇంటికి రాగానే, “తలుపు మూసి లోపలే పని చేసేటట్టు వెలుతురు పెడతాను. అక్కని దర్జాగా కూర్చోబెడతాను” అన్నారు. మంచి మాటే. ఆ మాటకి నేను మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. అక్కడితో మా ఇంట్లో లైట్ల పిచ్చి మొదలైంది.

వ్యాన్‌లో వెలుతురంటే స్విచ్చి వేసినంత సులువు కాదు. ఉన్న ఒక్క బ్యాటరీ మీదే మర తిరగాలి, లైటూ వెలగాలి. ముందున్న పాత దీపం వేస్తే మర మూలిగేది, మర తిప్పితే దీపం మూలిగేది. మధ్యాహ్నానికి రెండూ కలిసి పడుకునేవి. అందుకని తక్కువ తాగి ఎక్కువ వెలిగేవాటి కోసం మా ఆయన వెతకడం మొదలుపెట్టారు. కార్లలో పెట్టే చిన్న బల్బులు తెచ్చారు. అవి పచ్చగా వెలిగి, పైన కప్పుని కాల్చినంత పని చేశాయి. తర్వాత, లోపలే సెల్లులుండే గుండ్రటి దీపాలు తెచ్చి జిగురుతో కప్పుకి అంటించారు. వాటిలో ఒకటి ఊడి, అచ్చు తీయించుకుంటున్న ఒక పెద్దావిడ ఒళ్ళో పడింది. నోట్లో ముద్ద ఉంది కాబట్టి ఆవిడ అరవలేకపోయింది, అదొక్కటే మా అదృష్టం. అన్నం తింటున్నా వాట్ల లెక్కే, పడుకున్నా వాట్ల లెక్కే. బ్యాటరీకి మీటరు తగిలించి, ఏ దీపం ఎంత లాగుతోందో పిల్లాడి జ్వరం చూసినట్టు చూసుకుంటూ కూర్చునేవారు.

చివరికి పట్టీ లైట్ల దగ్గర ఆగారు. సన్నటి రిబ్బన్ మీద చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు వరసగా ఉంటాయే, అవి. షాపులో రకరకాలవి ఉన్నాయి. మా ఆయన అన్నిటికన్నా తెల్లటిదీ, అన్నిటికన్నా తక్కువ లాగేదీ చేతిలోకి తీసుకున్నారు. షాపతను మాతో పాటే ఒంగి చూశాడు.

“పళ్ళ రంగులు చూసుకోవడానికి అంటున్నారు కదా సార్, అది వద్దు, ఇది తీసుకోండి” అని ఇంకో చుట్ట చూపించాడు. “బ్యాటరీ కాస్త ఎక్కువ తాగుతుంది. కానీ రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది. మీరు పట్టుకున్నదాంట్లో తెలుపు బాగానే కొడుతుందిగానీ, ఎరుపూ పసుపూ సరిగ్గా తేలవు. బట్టల షాపులవాళ్ళు కూడా అది తీసుకోరు.”

“రంగు చూసేది లైటు కాదు బాబూ, కన్ను” అన్నారు మా ఆయన. “ఈ కన్ను ఎన్ని నోళ్ళు చూసిందో తెలుసా నీకు?”

షాపతను ఆ చుట్టని తీసి మళ్ళీ అరలో పెట్టేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కకి తిరిగి తీగల చుట్టలు చూస్తున్నట్టు నిలబడ్డాను. మంచి చెప్పినవాణ్ణి మా ఆయన ఇలా చిన్నబుచ్చినప్పుడల్లా నేను ఏదో ఒకటి చూస్తున్నట్టు నిలబడతాను. ఈ కాపురంలో అలా చాలా వస్తువులు చూశాను.

పట్టీని వ్యాన్ కప్పుకి నాలుగు వైపులా అంటించారు. తలుపులు మూసి స్విచ్చి వేస్తే, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెదిరిపోయాయి. మర జోరుగా తిరుగుతోంది, లైటు నిశ్చలంగా వెలుగుతోంది, బ్యాటరీకి చీమ కుట్టినట్టు కూడా లేదు. మా ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని, కోట కట్టించినవాడిలా నిలబడ్డారు. నేను నా అరచెయ్యి చూసుకున్నాను.

“ఏమండీ, నా చెయ్యి చూడండి. రక్తం లేనిదానిలా పాలిపోయి కనిపిస్తోంది.”

“నీకు రక్తం తక్కువే. ఆకుకూరలు తిను” అన్నారు.

అలా ఆ సంగతి ఆకుకూరల్లో కలిసిపోయింది.

వదిన వచ్చింది. తలుపులు మూశాం. లోపల మేం ముగ్గురమే. ఆవిడ ఒకసారి చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, చెయ్యి మెల్లగా దించి నోరు తెరిచింది. నాకు కళ్ళు చెమర్చాయి. మా ఆయన నమూనా పళ్ళు ఒక్కొక్కటీ ఆవిడ పంటి పక్కన పెట్టి, తల అటు వంచీ ఇటు వంచీ చూశారు. ఒకదాని దగ్గర ఆగి, “ఇదిగో, కవల పిల్లలు” అన్నారు. నేనూ చూశాను. ఆ లైటు కింద రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఏది సొంతదో, ఏది నమూనాయో చెప్పలేకపోయాను.

పళ్ళు తయారయ్యాక ఒక సాయంత్రం మళ్ళీ పిలిచి బిగించారు. అద్దం ఇచ్చారు. వదిన అద్దంలో చూసుకుని, పెదవులు విప్పి, మూసి, మళ్ళీ విప్పి నవ్వేసింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. చెయ్యి లేవలేదు.

“మసక పడకముందే ఒకసారి కిందకి దిగి చూసుకోనా?” అంది.

“ఎందుకక్కా? నా లైటు ముందు ఎండ ఎంత?” అన్నారు మా ఆయన. వదిన నవ్వి ఊరుకుంది. ఇంటికి వెళ్ళేసరికి ఎలాగూ చీకటి పడింది.

ఆ తర్వాత వదిన సామాన్ల గది వదిలేసి మళ్ళీ పిల్లల దగ్గరికి వెళ్ళిందని విన్నాం. మా ఆయన గాల్లో తేలిపోయారు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, అడిగినా అడక్కపోయినా, అక్క పళ్ళ కథే. దానికి తోడు కొన్నాళ్ళకి వదిన వచ్చి, “ఒరే, ఆ పట్టీ లైటు ఇంకా మిగిలి ఉంటే కొంచెం ఇస్తావా? ఒక పాత బ్యాటరీ కూడా. నా క్లాసులో పెట్టించుకుంటాను. పిల్లలకి నా నోరు బాగా కనపడాలి కదా” అని అడిగింది. ఇంక చూసుకోండి. తన లైటు బడి ఎక్కిందని ఆయనకి నేల మీద కాలు ఆగలేదు. “చూశావా, అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతుంది” అని నాకు ఒక చురక కూడా వేశారు.

వదిన మా ఇంటికి రావడం కూడా ఎక్కువైంది. వచ్చినప్పుడల్లా సాయంత్రమే వచ్చేది. ఇంట్లో కూర్చోకుండా, “లోపల ఉక్కగా ఉంది, వ్యాన్‌లో కూర్చుందాం రారా” అనేది. ఇంట్లోకన్నా వ్యాన్‌లోనే ఉక్క ఎక్కువని నాకు తెలుసు. తమ్ముడి కష్టం చూసి మురిసిపోవడానికి కాబోలు అనుకున్నాను. ఆ తెల్లటి వెలుతురులో వదిన నోరారా నవ్వేది, మా ఆయన ఆ నవ్వుని చూస్తూ టీ చల్లారబెట్టుకునేవారు.

అలా ఉండగా పెద్ద టీచరమ్మ నుంచి కబురు వచ్చింది. పిల్లలు పళ్ళ డాక్టరంటే హడలిపోతున్నారనీ, ఒకసారి వ్యాన్ తీసుకొచ్చి, కుర్చీ, మర అవీ చూపిస్తే భయం పోతుందనీ. మా ఆయన కొత్త చొక్కా తీశారు. వదిన మాత్రం, “ఎందుకురా అంత దూరం, నీ పని పాడుచేసుకుని” అని ఒకసారి, “పరీక్షలయ్యాక చూద్దాంలే” అని ఇంకోసారి అంది. అక్కకి మొహమాటం ఎక్కువ అన్నారు మా ఆయన. ఒక ఉదయం చెప్పకుండానే బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి మంచి ఎండ కాస్తోంది. పెద్ద టీచరమ్మ మమ్మల్ని వదిన క్లాసుకి తీసుకెళ్ళింది. వరండాలో అన్ని గదుల కిటికీలూ తెరిచి ఉన్నాయి, ఒక్క ఆ గదివి తప్ప. వాటికి మందపాటి తెరలు వేసి, అంచులకి బట్టల క్లిప్పులు పెట్టి ఉన్నాయి. లోపల పగలు లేదు. నల్లబల్ల పైన మా పట్టీ లైటు తెల్లగా వెలుగుతోంది, కింద మా పాత బ్యాటరీ. పిల్లల నుదుళ్ళు చెమటతో మెరుస్తున్నాయి. వదిన ఆ లైటు కింద నిలబడి, నోరంతా తెరిచి, ఒక్కొక్క మాట పలుకుతోంది. పిల్లలు కళ్ళార్పకుండా చూసి తామూ పలుకుతున్నారు. మా ఆయన నా మోచేతిని పొడిచారు. నాకు మాత్రం ఆ తెరలు నచ్చలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

మమ్మల్ని చూడగానే వదిన మాట మధ్యలో ఆగిపోయింది. పెద్ద టీచరమ్మ పిల్లలకి సైగ చేసి, “పదండి, వ్యాన్ చూద్దాం” అంది. పిల్లలు బిలబిలమంటూ లేచారు.

అందరికన్నా ముందు రెండు జడల పిల్ల ఒకతి పరిగెత్తుకొచ్చింది. గుమ్మం దాటి ఎండలోకి అడుగు పెట్టగానే ఆగి, మా ఆయన వైపు తిరిగి, ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనకనుంచి, ముద్దముద్దగా, “ఇది... పళ్ళ... బండా?” అని అడిగింది.

“అవునమ్మా, పళ్ళ బండే” అని నవ్వారు ఆయన.

వెనకే ఒక పిల్లాడు వచ్చాడు. గుమ్మం దాటాడు, చెయ్యి నోటికి వెళ్ళింది, ఏదో అడిగాడు. ఇంకొకతి వచ్చింది. అదే చెయ్యి, అలాగే. కాసేపటికి మా వ్యాన్ చుట్టూ పిల్లలందరూ మూగారు. ప్రతివాళ్ళూ నోటికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నారు.

“ఇదేం మర్యాదండీ? భలే నేర్పించారే” అన్నారు మా ఆయన సరదాగా.

పెద్ద టీచరమ్మ నవ్వలేదు. “మర్యాదా పాడా? ఈ మధ్యే పట్టుకుంది వీళ్ళకి ఇది. గదిలో ఉన్నంతసేపూ బాగానే మాట్లాడతారు, బయటికి వస్తే చాలు, ఇలా. ఒకళ్ళ నోరు ఒకళ్ళకి కనపడదు, ఏమన్నారో తెలీదు, కొట్టుకుంటున్నారు కూడా. ఎందుకు చేస్తున్నారో అంతు పట్టడం లేదు” అంది.

మా ఆయన రెండు జడల పిల్ల ముందు గొంతుక్కూర్చుని, తన నోరు దానికి కనపడేటట్టు, “ఎందుకమ్మా చెయ్యి?” అని అడిగారు.

ఆ పిల్ల ఆయన పెదవులు చూసింది. ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు మొహం పెట్టి, చెయ్యి తియ్యకుండానే చెప్పింది. “బయట... ఇలా... మాట్లాడాలి. టీచర్... ఇలాగే.”

మేం ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాం. వదిన గుమ్మం లోపల, నీడలో నిలబడి ఉంది. ఎడమ చెయ్యి నోటి మీద ఉంది.

ఆయన లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళారు. “అక్కా, చెయ్యి తియ్యి.”

వదిన తల అడ్డంగా ఊపింది.

“తియ్యక్కా, ఒకసారి.”

వదిన ఎండలోకి వచ్చి చెయ్యి దించింది. నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఆవిడ సొంత పళ్ళు లేత పసుపు. మధ్యలో మా ఆయన కట్టిన మూడూ బూడిద కలిసిన నీలం రంగులో, ఎవరో మసి గుడ్డతో తుడిచి వదిలేసినట్టున్నాయి. వ్యాన్‌లో కవల పిల్లలన్నవి ఎండలోకొచ్చేసరికి ఒకదానికొకటి పరాయివయ్యాయి. అంత దూరం నుంచే నాకు తెలిసిపోయింది. రంగు చూసే కన్ను ఉన్న మనిషికి ఇంకెంత తెలిసి ఉంటుందో.

మా ఆయన ఆ మూడు పళ్ళ మీదకి వంగి చూశారు. “ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“మొదటిరోజు నుంచే. ఆ మర్నాడు పొద్దున బస్సు అద్దంలో చూసుకున్నాను.”

“మరి నాకెందుకు చెప్పలేదక్కా?”

“ఎలా చెప్పమంటావురా? ఎంత సంబరపడ్డావు నువ్వు. నా కోసమేగా అంత తాపత్రయపడి ఆ లైట్లు పెట్టావు. వీధిలో నోరు తెరవనని మొండికేసింది నేనేగా.” వదిన పిల్లల వైపు చూసింది. “నీ లైటు కింద బాగానే ఉన్నాయి కదా, ఆ లైటే తెచ్చి పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. బయట చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎవరికీ తెలీదు, పళ్ళాయన తన అక్క పళ్ళే చెడగొట్టాడని ఎవరూ అనరనుకున్నాను. నీ పరువు కోసం ఈ పిల్లల్ని ఇన్నాళ్ళు తెరలేసి ఉక్కలో కూర్చోబెట్టాన్రా. వీళ్ళు నా నోటితో పాటు నా చెయ్యి కూడా నేర్చుకుంటారని నాకు తట్టనేలేదు.”

పెద్ద టీచరమ్మ వరండా స్తంభం వైపు చూస్తూ నిలబడింది. ఆవిడ ఎందుకలా నిలబడిందో నాకు తెలుసు. నేను కూడా ఎన్నోసార్లు అలా నిలబడ్డదాన్నే.

మా ఆయన మళ్ళీ ఆ రెండు జడల పిల్ల దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నారు. “చెయ్యి తీసెయ్యి తల్లీ. బయట కూడా మామూలుగానే మాట్లాడాలి. ఇదిగో, నాలాగా. చూడు” అని నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. ఆ పిల్ల ఆయన్ని జాలిగా చూసింది. పాపం, ఈ మనిషికి ఎవరూ నేర్పలేదు అనుకుని ఉంటుంది. ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని పైకెత్తి, ఆయన నోటి మీద పెట్టింది. సరిగ్గా ఉందో లేదో చూసి, వేళ్ళు సర్ది, బాగుందన్నట్టు తలూపింది.

ఆయన ఆ చెయ్యి తియ్యలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారి వేళ్ళ మీద పడ్డాయి. ఇంతకాలంలో ఆయన్ని కోపంతో చూశాను, గర్వంతో చూశాను, జ్వరంతో చూశాను. ఇలా ఎప్పుడూ చూడలేదు. నాలుక చివర్లో నాకు ‘నేను చెప్పలేదూ’ అనే మాట ఒకటి ఉండాలి. వెతికితే దొరకలేదు. ఆకుకూరలు తినమంటే నవ్వి ఊరుకున్నదాన్ని నేనేగా అనిపించి నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత ఆయన లేచి, మొహం తుడుచుకుని, వ్యాన్ తలుపు బార్లా తీశారు. కుర్చీని ఆవరణ వైపు తిప్పారు. వదినని రమ్మని పిలవడానికి ఆయనకి మొహం చెల్లలేదు. వదినే వచ్చింది. కుర్చీ ఎక్కి కూర్చుని, పిల్లలూ, పెద్ద టీచరమ్మా, గేటు దగ్గర కాపలా మనిషీ అందరూ చూస్తుండగా, ఆ మూడు పళ్ళూ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచింది. మా ఆయన నమూనా పట్టీ తీశారు. ఒకటి పెట్టి చూశారు, ఇంకొకటి పెట్టి చూశారు. రెండింటి మధ్యా తేల్చుకోలేక నా వైపు తిరిగారు.

“నీకేమనిపిస్తోంది?” అన్నారు.

ఈ ప్రశ్న కోసం నేను ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. వచ్చినప్పుడు మాత్రం ఒక్క పిసరు సంతోషం కలగలేదు. దగ్గరికి వెళ్ళి చూసి, ఎడమవైపుది అని చెప్పాను. సరేనన్నారు.

కొత్త పళ్ళు తొందరగానే అయ్యాయి. ఎండలో చూసుకుని, నీడలో చూసుకుని, మళ్ళీ ఎండలో చూసుకుని బిగించారు. వదిన తెరలు తీసేసి, ఎండ మరీ ఎక్కువ లేని రోజుల్లో పాఠం ఆవరణలోనే చెబుతోంది. మా ఆయన వ్యాన్‌లో పట్టీ లైటు పీకేసి, షాపతని దగ్గరికి వెళ్ళి, “ఆ రోజు నువ్వు చెప్పినదే ఇవ్వు” అని అడిగి తెచ్చుకున్నారు. అతను ఎందుకని అడగలేదు. ఈయన చెప్పలేదు. అక్క పళ్ళ కథ ఇప్పుడు ఎవరికీ చెప్పరు.

పళ్ళు బాగుచేసినంత తొందరగా చేతులు బాగుపడలేదు. మా ఆయన వీలున్నప్పుడల్లా బడికి వెళతారు. ఎండలో పిల్లల మధ్య నిలబడి, రెండు చేతులూ వెనక కట్టుకుని, కాకుల గురించో బస్సుల గురించో నోరంతా తెరిచి మాట్లాడుతూ ఉంటారు. చూసేవాళ్ళకి పిచ్చివాడిలా కనిపిస్తారు. కనిపించినా పట్టించుకోరు. పిల్లలు ఒక్కొక్కళ్ళే చెయ్యి అడ్డం పెట్టడం మానేస్తున్నారు.

రెండు జడల పిల్ల ఒక్కతే ఇంకా మానలేదు. గుమ్మం దాటగానే దాని చెయ్యి లేస్తుంది. వదిన దగ్గరికి వెళ్ళి మెల్లగా దించుతుంది. అప్పుడు ఆ పిల్ల తనేదో తప్పు చేసి దొరికిపోయినట్టు, చెవులదాకా ఎర్రబడిపోయి తల దించుకుంటుంది. సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా అని ఆ పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో మా ముగ్గురిలో ఎవరికీ తెలియడం లేదు.